పరదేశమున పెరుగు బిడ్డలు – పెద్దల ఋణము

ఏ శుభకర్మ ఆరంభించినను ముందుగా సంకల్పము చెప్పుకొనుట మన ఆచారము. సంకల్పమనగా ఈ కార్యము చేయుదునను నిశ్చయము మాత్రమే కాదు; కర్త తాను ఏ కాలమున, ఏ దేశమున, ఏ గోత్రనామములతో నిలిచియున్నాడో దైవసన్నిధిలో ఉన్నదున్నట్లు విన్నవించుకొనుట. ఉయ్యూరులో ఒక గృహస్థు సత్యనారాయణ వ్రతమునకు కూర్చున్నచో, పురోహితుడు జంబూద్వీపమును, భరతవర్షమును, శ్రీశైలమునకు ఈశాన్యదిక్కును, కృష్ణాగోదావరుల నడిమి దేశమును పేర్కొనును. ఆ గృహస్థుని కుమారుడు అమెరికాలో అదే వ్రతమునకు కూర్చున్నచో, అక్కడి పురోహితులు పలువురు క్రౌంచద్వీపమని, రమణకవర్షమని చెప్పించుచున్నారు. గోత్రము మారలేదు. ఇష్టదైవము మారలేదు. వ్రతవిధానమును మారలేదు. దేశము మాత్రము మారినది.

ఈ చిన్న మార్పునందు పెద్ద ధర్మప్రశ్న ఒకటి ఇమిడియున్నది. తండ్రికి దేశము మారినది. తాను విడిచివచ్చినదేదో, చేరినదేదో అతడెరుగును. అక్కడనే పుట్టిన బిడ్డకు మారినదేమున్నది? పుట్టిన నేల అదియే, ఆడుకొనిన వీధి అదియే, చదువుచున్న బడి అదియే. అట్టి బిడ్డను తల్లిదండ్రులు ఏ దేశపు బిడ్డగా పెంచవలెను? ఉయ్యూరు బిడ్డగా పెంచుట సాధ్యమా? సాధ్యమైనను న్యాయమా? ఆ దేశపు బిడ్డగానే విడిచిపెట్టినచో పితరులకు ద్రోహమగునా? ఈ ప్రశ్న నేడు కృష్ణామండలమున ఇంటింటను వినబడుచున్నది. కావున శాస్త్రదృష్టితోను, లోకానుభవముతోను దీనిని విచారించుట యుక్తము.

సముద్రయాన దోషము

మొదట వినవచ్చు ఆక్షేపణ పాతది. పరదేశగమనమే దోషము, దాని ఫలమే ఈ దుఃఖము అందురు. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చిన మాట నిజమే. అయితే ఆ సూత్రకారుడే మరియొకచోట, సముద్రయానము ఉత్తరదేశీయుల ఆచారములలో ఒకటియనియు, మేనమామ కూతును పెండ్లాడుట దక్షిణదేశీయుల ఆచారమనియు చెప్పి, ఏ దేశాచారము ఆ దేశమున ప్రమాణమను పక్షమును పేర్కొనెను. గౌతముడు దీనికి సమ్మతింపలేదు. ధర్మశాస్త్రకారులలోనే ఏకాభిప్రాయము లేని విషయమున, మేనరికము నిశ్చింతగా చేసికొనుచున్న తెలుగువారు సముద్రయానమును మాత్రము పట్టుకొని పరులను నిందించుట తగదు.

మరియు కృష్ణాతీరవాసులకు సముద్రము క్రొత్తది కాదు. ఉయ్యూరునకు అనతిదూరమున ఉన్న ఘంటసాల రెండువేల యేండ్లనాడు ఒక వర్తకకేంద్రము. గ్రీకు భూగోళవేత్త టాలెమీ పేర్కొనిన కొంటకొస్సిల ఇదియేనని చరిత్రకారులు గుర్తించిరి. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవునుండి తెలుగు కూలీలు మారిషస్ దీవికిని, బర్మాకును పోయిరి. ఆ రేవు పేరే వారికి పేరై, కోరంగివారని పిలువబడిరి. 1965లో అమెరికా ప్రభుత్వము జాతిమూలములనుబట్టి విధించిన కోటాపద్ధతిని తొలగించు వలసచట్టము చేసిన పిదప ఆంధ్రదేశమునుండి వైద్యులు, ఇంజనీర్లు అచ్చటికి పోసాగిరి. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘమువారి తొలి మహాసభ న్యూయార్కులో జరిగినది. ఆ సంవత్సరముననే ఆ నగరమునందలి ఫ్లషింగులో మహాగణపతి ప్రతిష్ఠితుడయ్యెను. పిట్స్‌బర్గు కొండపై శ్రీవేంకటేశ్వరుడు వెలసినదియు ఆ దశకముననే. తరువాత కంప్యూటరు చదువులతో వేలకొలది యువకులు పోయిరి. మొదట పోయినవారి బిడ్డలు నేడు తామే తల్లిదండ్రులై యున్నారు. కావున పోవచ్చునా పోరాదా అను విచారణకు కాలము గడచినది. పోయినవారి ధర్మమెట్టిది అనునదియే విచారణీయము.

నష్టమును నష్టమని అంగీకరింపవలెను

కొందరు ఈ విషయమున తొందరపడి సమాధానము చెప్పుదురు. గుడులున్నవి, తెలుగు బడులున్నవి, పండుగలు జరుగుచున్నవి, ఇంక లోటేమి అందురు. లోటున్నది. దానిని దాచిపెట్టిన విచారణ నిలువదు.

ఉయ్యూరులో ఐదేండ్ల పిల్లకు భాష నేర్పుటకు ఎవరును ప్రత్యేకముగా కూర్చుండరు. పాలు తెచ్చు మనిషి, పూలమ్మి, ప్రక్కింటి పిన్నిగారు, గుడి అరుగుమీద కూర్చున్న తాతగారు, వీరందరును తమకు తెలియకయే గురువులు. మాఘమాసమున వీరమ్మతల్లి తిరునాళ్ళు పదునైదు దినములు జరుగునప్పుడు తండ్రి భుజముపై కూర్చుండి అమ్మవారిని చూచిన బిడ్డకు, భక్తియన ఇట్టిదని వేరుగా బోధింప పనిలేదు. పరదేశమున ఇందరు గురువుల పనియు ఇరువురి మీద పడుచున్నది. ఆ ఇరువురును ప్రొద్దున ఉద్యోగమునకు పోయి, సాయంకాలము అలసి వచ్చువారు. బిడ్డ ఏడాది నిండకముందే శిశువులను చూచు బడికి చేరును; మూడవయేట ఇంగ్లీషులో కలవరించును; ఐదవయేట తల్లి తెలుగున అడిగినదానికి ఇంగ్లీషున బదులు చెప్పును. ఇది ఎవరి తప్పును కాదు. చెవికి ఏది ఎక్కువగా సోకునో నాలుకకు అదియే వచ్చును.

ఉయ్యూరులోని నాయనమ్మకు ఈ నష్టము స్పష్టముగా తెలియును. ఇక్కడ ఆదివారము ఉదయము, అక్కడ శనివారము రాత్రి. ఫోను తెరమీద మనుమరాలి ముఖము కనబడును. "అన్నం తిన్నావా అమ్మా? బడికి వెళ్ళావా? అమ్మ ఏం చేస్తోంది?" వారము వారము ఈ మూడు ప్రశ్నలే. వేరు ప్రశ్నలు లేక కాదు; నాలుగవ ప్రశ్నకు జవాబు తెలుగులో రాదని ఆమె ఎరుగును. రాని జవాబునకై బిడ్డ తడబడుట చూడలేక ఆమె అడుగుట మానుకొనినది. పరదేశవాసమున కలుగు నష్టములలో ఇంతకంటె పెద్దది లేదు. ఆస్తి పోయినను సంపాదింపవచ్చును. నాయనమ్మ చెప్పదలచి చెప్పలేకపోయిన కథ ఆమెతోనే పోవును.

ఆచారములును తలక్రిందులైనవి. పురిటికి ఆడుబిడ్డ పుట్టింటికి వచ్చుట వెనుకటి పద్ధతి. నేడు పుట్టిల్లే విమానమెక్కి కూతురి ఇంటికి పోవుచున్నది. ఆరుమాసముల అనుమతితో పోయిన తల్లి, శొంఠిపొడియు కారప్పొడియు మూటకట్టుకొని పోయి, పురుడు పోసి, బిడ్డ తన ముఖము గుర్తుపట్టు వేళకు తిరిగివచ్చుచున్నది. తిథులు సైతము ఒక్కతీరున లేవు. తిథి ఆరంభమగు క్షణము లోకమంతటికిని ఒక్కటియే. కాని సూర్యోదయము ఊరూరికి వేరు. చలికాలమున చికాగో గడియారము ఉయ్యూరుకంటె పదకొండున్నర గంటలు వెనుక. ఇక్కడ సూర్యోదయమునకు ఉన్న తిథి అక్కడ సూర్యోదయమగు లోపల గడచిపోవచ్చును. అప్పుడు అక్కడివారికి ఆ పండుగ ఒకనాడు ముందుగా వచ్చును. అందుచేతనే అక్కడి నగరములకు వేరుగా పంచాంగములు గుణింపవలసి వచ్చినది. ఇది దోషము కాదు, గణితము. అయినను తల్లి ఒకనాడు, కూతురు ఒకనాడు ఏకాదశి ఉపవాసముండుట మనస్సునకు కొంచెము బాధయే.

బిడ్డకు ఏ ఋణమును లేదనువారు

ఇంత కష్టమెందుకు, పుట్టిన దేశపు రీతిని బిడ్డను పెరగనిండు, అతనికి మన ఋణమేమున్నది అనువారు కలరు. ఈ మాటలో ఔదార్యమున్నట్లు తోచును. కాని విచారింపగా దీనిలో సోమరితనమే ఎక్కువ. బ్రాహ్మణుడు ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి పుట్టునని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. సంతానమును కనుటచేత పితృఋణము తీరునని సామాన్యముగా చెప్పుదురు. కనుటతోనే తీరునా? తన పెద్దలనుండి తాను పొందినది బిడ్డకు అందింపకున్నచో, ఋణము తీర్చినట్లు కాదు. తన ఋణమును బిడ్డ నెత్తిన పెట్టినట్లు. కావున ఋణమున్నది. అయితే అది మొదట బిడ్డ పెద్దలకు ఈయవలసినది కాదు; పెద్దలు బిడ్డకు ఈయవలసినది. ఈ క్రమము మరచుటచేతనే పెక్కు ఇండ్లలో కలహము పుట్టుచున్నది.

కుశలవుల వృత్తాంతము ఇక్కడ స్మరణీయము. వారు అయోధ్యను చూడలేదు. తండ్రి ఎవరో ఎరుగరు. వాల్మీకి ఆశ్రమమే వారికి పుట్టిన నేల. అయినను తమ వంశకథను వారు నోట నేర్చిరి; ఇది మీ కథయని ఎవరును చెప్పకయే గానము చేసిరి. గురువు వారికి అయోధ్యపై బెంగ నేర్పలేదు. సత్యము, స్వరము, వినయము నేర్పెను. అయోధ్యకు పోయి రాజసభలో నిలిచినప్పుడు అవియే వారిని ఎవరి బిడ్డలో చాటినవి. దూరముగా పెరిగిన బిడ్డకు ఈయవలసినదేదో ఈ కథవలన తెలియుచున్నది. ఊరిని ఈయలేకపోవచ్చును, ఊరు ఇచ్చిన శీలమును ఈయవచ్చును.

భారతమున మరియొక సందర్భము కలదు. పాండవులు అరణ్యవాసమున ఉండగా ద్రౌపది కుమారులు ద్వారకలో పెరిగిరి. వనమునకు వచ్చిన శ్రీకృష్ణుడు ఆ తల్లికి బిడ్డల క్షేమము చెప్పుచు, వారు ధనుర్విద్యయందు ఆసక్తులై యున్నారనియు, మేనమామ ఇంటికి పిలిచినను అక్కడ వారికి మనసు నిలువదనియు, సుభద్ర వారిని కన్నబిడ్డలవలె చూచుచున్నదనియు తెలిపెను. ఆ తల్లికి శ్రీకృష్ణుడు చెప్పినది, బిడ్డలు నీకై ఏడ్చుచున్నారని కాదు. ఉన్నచోట చక్కగా ఉన్నారని. దూరమున ఉన్న బిడ్డల విషయమున ఓదార్పు కలిగించు మాట ఇదియే.

బలవంతముచేత నిలుచునా?

మూడవ పక్షమువారు ఋణమున్నదని అంగీకరించి, దానిని బలవంతముగా తీర్పజూతురు. ఇంట ఇంగ్లీషు మాటాడినచో దండన; శ్లోకము తప్పిన కోపము; నృత్యము, సంగీతము, వారాంతమున తెలుగు బడి, ఒకదానిపై ఒకటి. పైగా బయటి దేశము చెడ్డది, అక్కడి పిల్లలు చెడ్డవారను మాట నిత్యము చెవిని పడును. ఇందులో రెండు దోషములున్నవి.

మొదటిది కృతఘ్నత. ఏ నేలపై సంపాదించి తినుచున్నారో ఆ నేలను బిడ్డయెదుట దూషించుట అన్నదూషణము. ఆ బిడ్డ ఆ నేలయందే పుట్టినది; బడిలో ప్రక్కన కూర్చున్న పిల్ల దానికి స్నేహితురాలు. దేశమును నిందించినచో బిడ్డ, తనలో సగమును నిందించినట్లే భావించును. బడికి పెరుగన్నము తీసికొనిపోయిన పిల్లను తోటివారు ఎగతాళి చేసిరని వచ్చి ఏడ్చినప్పుడు, వారిని తిట్టుట సులభము. ఆ పిల్లలను ఒకనాడు ఇంటికి పిలిచి, అరటిఆకుపై గాకున్నను పళ్ళెములోనైన పులిహోరయు పెరుగన్నమును ప్రేమతో పెట్టుట కష్టము. అతిథిని పూజింపుమని ఉపనిషత్తు చెప్పినది పూలమాలలవారిని ఉద్దేశించి మాత్రమే కాదు. రెండవ మార్గమున పోయిన తల్లి, వాదము లేకుండ, రెండు పాఠములు ఒక్కపూట నేర్పినదగును.

రెండవది అసత్యము. తండ్రి ఏ పుస్తకమును తెరువక, ఏ దీపమును వెలిగింపక, పిల్లవానిని మాత్రము శ్లోకములు వల్లింపుమనుచో, పిల్లవాడు నేర్చునది శ్లోకము కాదు. పెద్దలు చెప్పునది ఒకటి, చేయునది ఒకటియను విషయము. తైత్తిరీయోపనిషత్తున విద్య ముగించి పోవు శిష్యునికి ఆచార్యుడు చేసిన ఉపదేశము సుప్రసిద్ధము. తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవముగా చూడుమనుట అందరును చెప్పుదురు. ఆ వెంటనే ఆచార్యుడు చెప్పినది తక్కువమంది స్మరింతురు. మాలో మంచి నడవడి ఏది కలదో దానినే నీవు అనుసరింపుము, తక్కినదానిని కాదని శిష్యునితో చెప్పినాడు. ఆచార్యుడే తన నడవడిలో ఎన్నుకొను అధికారము శిష్యునికి ఇచ్చినప్పుడు, తల్లిదండ్రులు ఆ అధికారమును బిడ్డకు ఈయకుండుట ఎట్లు తగును? మన ఆచారములలో గ్రాహ్యములును కలవు, త్యాజ్యములును కలవు. కులగర్వము, కట్నకానుకలు, ఆడుబిడ్డను చిన్నచూపు చూచుట, వీనిని సముద్రము దాటించుకొనిపోయి సంప్రదాయమని పేరుపెట్టి బిడ్డకు ఈయరాదు. దూరదేశవాసము ఈ వివేకమునకు మంచి అవకాశము. మూట చిన్నదైనప్పుడు ముఖ్యమైనదే కట్టుకొందుము.

ఏది నిలుచును?

మారిషస్ తెలుగువారి చరిత్ర దీనికి ప్రత్యక్షప్రమాణము. చెరకుతోటలలో పనికై పోయిన ఆ నిరుపేదలు గ్రంథములు కొనిపోలేదు. తరములు గడచుకొలది ఇంటిమాటగా తెలుగు సన్నగిల్లి, క్రియోలు భాష వచ్చినది. అయినను రామభజన నిలిచినది. సింహాద్రి అప్పన్న పూజ నిలిచినది. ఉగాది ఆ దేశమున ప్రభుత్వ సెలవుదినమైనది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలకు ఆ దీవియే ఆతిథ్యమిచ్చినది. భాష బడిలో పాఠముగా తిరిగివచ్చినది. నిలిచినవేవో గమనింపుడు. ఒకరు మరియొకరికి ఆజ్ఞాపించినవి కావు. అందరును కలిసి పాడినవి, కలిసి వండినవి, కలిసి చేసినవి.

అమెరికాలో తెలుగు నేర్పుటకు 2007లో సిలికానాంధ్రవారు మనబడిని నెలకొల్పిరి. ఉయ్యూరునకు సమీపమున ఉన్న కూచిపూడి గ్రామమున సిద్ధేంద్రయోగి పరంపరగా బ్రాహ్మణ బాలురకే పరిమితమైయున్న నాట్యకళ నేడు ఖండాంతరములలో ఆడపిల్లల పాదములలో నిలిచియున్నది. ఇవి ఉత్తమములు. అయితే బడి వారమునకు కొన్ని గంటలది, ఇల్లు నిత్యమైనది. బడిలో నేర్చిన అక్షరములకు ఇంట మాట తోడుకానిచో అవి పలకమీదనే ఉండును. తెలుగువారిలో పెక్కుమంది అనుసరించు ఆపస్తంబ ధర్మసూత్రము, తన ఉపదేశమంతయు ముగించి, చెప్పగా మిగిలిన ధర్మములను స్త్రీలవలనను, అన్ని వర్ణములవారివలనను తెలిసికొనవలెనను మతమును పేర్కొన్నది. శాస్త్రము చెప్పలేని ఆ శేషధర్మమే జోలపాట, గోరుముద్ద, దిష్టి తీయుట, నిద్రకు ముందు కథ. బిడ్డకు మొదట అందవలసినది ఇదియే.

చెరకు పండించు ఉయ్యూరు రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. చెరకు విత్తనముచేత గాక ముచ్చెలచేత నాటబడును. ముచ్చె ఎంత చిన్నదైనను దానిలో కణుపు ఉండవలెను. కణుపులోని కన్ను చెడకుండవలెను. ఏ చేనిలో నాటిన ఆ చేని నీరే త్రాగును, ఆ మట్టినిబట్టియే రసము రుచి కొంత మారును. అయినను మొలచునది చెరకే. తోటనంతయు పెకలించి మోసికొనిపోవలెనను వెర్రి రైతునకు ఉండదు. కన్నున్న కణుపు చెడకుండ చూచుకొనుటయే అతని పని. ఇంటిభాషలో నాలుగు మాటలు, ఒక దీపము, ఒక కథ, అబద్ధమాడని తల్లిదండ్రులు. ఇంతమాత్రమే ఆ కణుపు.

ఊరనున్న పెద్దల ధర్మము

ఋణము తీర్పవలసినవారు అక్కడివారు మాత్రమే కారు. కుమారుడు విదేశమున ఉన్నాడని పదిమందిలో గర్వముగా చెప్పుకొని, మనుమడు తెలుగు మాటాడడని ఏకాంతమున వగచు పెద్దలు, తమ వీధిని ఒకసారి చూడవలెను. ఉయ్యూరులోనే పుట్టి ఉయ్యూరులోనే పెరుగుచు, ఇంగ్లీషు బడిలో చదువుచు, తెలుగున ఇరువది దాటి అంకెలు లెక్కింపలేని బాలురు ఎందరు? అరువది తొమ్మిదికిని, డెబ్బది తొమ్మిదికిని భేదమెరుగని వారెందరు? పరదేశము సముద్రమునకు ఆవల మాత్రమే లేదు. తన గుమ్మమున దీపము పెట్టనివారు దూరపు ఇంటి చీకటిని ఎంచరాదు.

ఫోనులో కనబడిన మనుమరాలిని తెలుగు రాదని పరిహసించుట మరియు తగదు. ఒకసారి నవ్వులపాలైన మాట బిడ్డ నోట మరల రాదు. తప్పుగా పలికినను సంతోషించి, ఆ మాటను తాము సరిగా పలికి వినిపింపవలెను. మూడు ప్రశ్నలతో ఆగిపోక, జవాబు రాకున్నను నాలుగవది అడుగవలెను. జవాబు అక్కరలేని కథ చెప్పవలెను. బిడ్డ అర్థమైనంత వినును. సెలవులకు వచ్చినప్పుడు దోమలున్నవి, ఎండయున్నది అని బిడ్డ విసిగికొనినచో నొచ్చుకొనరాదు. దానికి ఇది పుట్టిన ఊరు కాదు. ప్రేమించుటకు కారణము ఇంకను వెదకికొనుచున్న ఊరు. ఆ కారణము తామే కావలెను.

తల్లిదండ్రులు తమ బెంగను బిడ్డమీద మోపరాదు. తమ వెలితిని బిడ్డచేత పూరింపజూడరాదు. తాము విడిచివచ్చినది తమ నిర్ణయము, దాని దుఃఖమును తామే అనుభవింపవలెను. బిడ్డకు ఈయవలసినది ఆ దుఃఖము కాదు, దానికి మూలమైన ప్రేమ. సంకల్పమున చెప్పవలసినది ఉన్నదున్నట్లు చెప్పుటయే విధి. క్రౌంచద్వీపమున నిలిచి జంబూద్వీపమని చెప్పరాదు. ఫలాన గోత్రోద్భవుడనని చెప్పుటయు మానరాదు. ఆ దేశపు బిడ్డనని, ఈ వంశపు బిడ్డనని రెండును నిర్భయముగా చెప్పగల బిడ్డ ఎవరికిని ద్రోహము చేసినవాడు కాడు.

భగవంతునికి దేశభేదము లేదు. వేంకటాద్రిని విడువకయే పిట్స్‌బర్గు కొండపై నిలిచిన స్వామి, ఏ భాషలో పిలిచినను పలుకును. అయినను ఆయనను నాయనమ్మ పిలిచిన మాటతో పిలువగలిగిన బిడ్డకు, ఆయనతోపాటు నాయనమ్మయు లభించును. ఆ లాభము బిడ్డకు పోకుండ కాపాడుటయే ప్రవాసులైన తల్లిదండ్రులకును, ఊరనున్న పెద్దలకును సమానమైన ధర్మము.